ఉప్పుగాలీ, మా పాత ఫియట్టూ

మొన్న ఆదివారం పొద్దున్నే కారు కిందకి దూరాను. వైజాగ్ పెదవాల్తేరులో మా ఇంటి ముందే, కింద గోనెసంచి పరుచుకుని, స్క్రూడ్రైవర్ తిరగేసి పట్టుకుని దాని పిడితో ఫ్లోర్ రేకు మీద టక్ టక్ మని కొట్టుకుంటూ పోతున్నా. మంచి రేకైతే ఖంగుమంటుంది. లోపల తుప్పు తినేసిన రేకైతే తడిసిన అట్టముక్క మీద కొట్టినట్టు మొద్దుగా వినిపిస్తుంది. డ్రైవర్ సీటు కింద, జాకీ పెట్టే చోటుకి ఒక జానెడు ముందు శబ్దం మారిపోయింది. గుండె జారిపోయింది నాకు, రెండేళ్ళ కిందటే కదా దానికి పక్కనే కొత్త రేకు వేయించింది.

వరండాలో కూర్చున్న నాన్నగారు పేపర్లోంచి తల కూడా ఎత్తకుండా "అక్కడ పోయిందిరా" అన్నారు.

ఆయనకి 82. ఉద్యోగం అంతా షిప్‌యార్డ్‌లోనే, ఓడ అడుగు రేకుల మీద సుత్తి పెట్టి కొట్టి ఏది గట్టిగా ఉంది ఏది పోయింది చెప్పడం ఆయనకి చెవికి పట్టిన విద్య. నేను కారు కింద ఉండి తెలుసుకున్నది ఆయన పది అడుగుల దూరంలో కుర్చీలోంచే చెప్పేస్తారు.

మాది 1984 మోడల్ ప్రీమియర్ పద్మిని. పేరుకి పద్మినే గానీ మా ఇంట్లో, మా వీధిలో, మెకానిక్కుల దగ్గర కూడా ఎవరూ ఆ పేరు అనరు, అందరికీ అది ఫియట్టే. నాన్నగారు 1991లో ఒక డాక్టరుగారి దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు, అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. దాని అసలు పుట్టుక ఇటలీ, ఫియట్ 1100. బొంబాయి కుర్లా ఫ్యాక్టరీలో 1964 నుంచి ఫియట్ 1100 డిలైట్ అని తయారుచేసేవాళ్ళు, 1974 నుంచి పద్మిని అయింది, 2000 ఆ ప్రాంతంలో తయారీ ఆగిపోయింది. 1089 సీసీ ఇంజను, నాలుగు సిలిండర్లు, స్టీరింగ్ పక్కనుండే హ్యాండ్ గేరు, నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులే. ముంబైలో నలుపు పసుపు టాక్సీలుగా ఏళ్ళ తరబడి తిరిగినవి ఇవే, 2023 అక్టోబర్ ఆఖరుతో అక్కడ చివరి టాక్సీ కూడా రోడ్డు దిగిపోయింది. ఆ వార్త చూసిన రోజు నాకు రాత్రి అన్నం సరిగ్గా దిగలేదు.

ఇంకో సంగతి చెప్పాలి, ఇది మన వైజాగ్ వాళ్ళలోనే చాలామందికి తెలీదు. ఈ కారు తయారుచేసిన ప్రీమియర్ ఆటోమొబైల్స్‌ని 1944లో పెట్టింది వాల్‌చంద్ హీరాచంద్. మన షిప్‌యార్డ్ పెట్టింది కూడా ఆయనే! సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ తరఫున 1941లో ఇక్కడ రాజేంద్రప్రసాద్ గారితో శంకుస్థాపన చేయించారు, 1948లో ఇక్కడ కట్టిన జల ఉష ఓడని నెహ్రూ గారు వచ్చి నీళ్ళలోకి దింపారు. మల్కాపురం దాటాక ఆ ఏరియాని ఇప్పటికీ సింధియా అనే అంటాం, బస్సు మీద కూడా అదే పేరు, ఎందుకొచ్చిందో ఎవరూ అడగరు. అంటే నాన్నగారికి ముప్పై ఏళ్ళ పైన జీతం ఇచ్చిన యార్డూ, ఆయన కొనుక్కున్న కారూ ఒక్క మనిషి ఆలోచనలోంచి వచ్చినవే. ఇది చదివి తెలుసుకున్న రోజు నాన్నగారికి చెప్తే కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత లేచి వెళ్ళి కారు బోనెట్ మీద చెయ్యి వేసి వచ్చారు.

పాత కారు మెయింటెయిన్ చేస్తున్నా అంటే అందరూ మొదట అడిగేది స్పేర్లు దొరుకుతాయా అని. దొరుకుతాయి. గాజువాక ఆటోనగర్‌లో కొన్ని, అక్కడ లేకపోతే విజయవాడ ఆటోనగర్, అక్కడా లేకపోతే చెన్నై పుదుపేట. బ్రేక్ సిలిండర్ కిట్లు, క్లచ్ ప్లేటు, ఫ్యాన్ బెల్టు, ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టించే పాయింట్లు, ఇవన్నీ ఓపిగ్గా వెతికితే వస్తాయి. మన ఊళ్ళో పాత కారుకి అసలు శత్రువు స్పేర్లు లేకపోవడం కాదు, గాలి. సముద్రం మా ఇంటికి కిలోమీటర్ కూడా లేదు, సాయంత్రం కిటికీ గ్రిల్ మీద వేలు పెట్టి నాలికకి రాసుకుంటే ఉప్పగా తగుల్తుంది. ఆ ఉప్పే ఇరవై నాలుగ్గంటలూ బండి మీద కూర్చుంటుంది. ఉప్పు గాల్లో తేమని లాక్కుంటుంది, దాంతో రేకు ఎప్పటికీ పూర్తిగా ఆరదు. హైదరాబాద్‌లో ఇలాంటి బండే ఉన్న మా కజిన్ తుప్పు గురించి పెద్దగా ఆలోచించడు, మాకు ఏడాదికోసారి యుద్ధమే. పైగా ఫియట్‌కి జీపులాగ విడిగా చాసిస్ లేదు, బాడీయే చాసిస్, ఫ్లోర్ పోయిందంటే అది డెకరేషన్ పోవడం కాదు, బండి ఎముక పోయినట్టు.

నాన్నగారి పద్ధతి ఒకటుంది, అది యార్డ్ పద్ధతి. బీచ్ రోడ్డు మీద తిప్పితే ఇంటికి రాగానే కింద భాగం కుళాయి నీళ్ళతో కడగాలి, పైన మెరిసినా మెరవకపోయినా పర్లేదు, కింద మాత్రం చక్రాల గూళ్ళు, కమాన్ కట్టలు, సైలెన్సర్ బిగించిన చోట్లు అన్నీ. బోరు నీళ్ళు వాడకూడదు, మా వైపు బోరు నీళ్ళు కూడా ఉప్పే, ఉప్పు వదిలించడానికి మళ్ళీ ఉప్పు పోసినట్టు. తుప్పు కనిపిస్తే ముందు సుత్తితో పెచ్చులు రాల్చాలి, తర్వాత వైర్ బ్రష్, తర్వాత ఎమరీ పేపర్, తెల్లగా లోహం కనిపించే దాకా. అదే రోజు, సాయంత్రం గాలి తిరగకముందే రెడ్ ఆక్సైడ్, అంటే తుప్పు పట్టకుండా వేసే ఎర్ర ప్రైమర్, కొట్టేయాలి. "రాత్రి వదిలేసేవంటే తెల్లారేసరికి మళ్ళీ పుట్టేస్తాది" అంటారు. నిజమే, నేను ఒకసారి బద్ధకించి వదిలేశాను, పొద్దున్న లేచి చూస్తే తెల్లగా గీకిన రేకంతా నారింజ రంగు పొడి.

తలుపుల అడుగున చిన్న చిన్న కన్నాలు ఉంటాయి, చాలామందికి అవి ఉన్నట్టే తెలీదు. అద్దం మీద పడ్డ వాన తలుపు లోపలికి దిగి ఆ కన్నాల్లోంచి బయటికి పోవాలి. దుమ్మూ, రబ్బరు పొట్టూ చేరి మూసుకుపోతే నీళ్ళు తలుపులోనే నిలబడి లోపల్నుంచి తినేస్తాయి, పైకి బుడగలాగ పెయింట్ ఉబ్బేదాకా తెలీదు. ప్రతి వానాకాలం ముందు చీపురుపుల్ల పెట్టి ఆ కన్నాలన్నీ పొడుస్తాను. పోయిన జూన్‌లో వెనక ఎడమ తలుపులోంచి గ్లాసుడు గోధుమరంగు నీళ్ళు కారాయి, అందులో ఒక చిన్న ప్లాస్టిక్ బొత్తాం కూడా వచ్చింది, అమ్మ చూసి అది మా చెల్లి స్కూల్ యూనిఫాందే అంది.

అన్నిటికన్నా నష్టం చేసింది ఒక కోటింగు. కొన్నేళ్ళ కిందట ఊళ్ళో ఒక షెడ్డులో అండర్ బాడీ కోటింగ్ కొడతాం, ఇంక పదేళ్ళు చూడక్కర్లేదన్నారు. నాన్నగారు వద్దన్నారు, నేను వినలేదు. వాళ్ళు పాత తుప్పు గీకకుండానే దాని మీద నల్లటి మందం రబ్బరు కొట్టేశారు, చూడ్డానికి కొత్త బండిలా ఉంది. లోపల చిక్కుకున్న తేమ బయటికి పోయే దారి లేక రేకుని నమిలేసింది. 2023లో ఆ కోటింగు చాకుతో కోసి లాగితే దాంతో పాటు ఫ్లోర్ ముక్క కూడా చేతిలోకి వచ్చేసింది, కన్నంలోంచి కింద గచ్చు కనిపించింది. ఉప్పుగాలి ఉన్న ఊళ్ళో తుప్పు కళ్ళకి కనిపిస్తూ ఉండడమే మంచిది, కనిపిస్తే కదా గీకుతాం. నా ఫియట్‌కి ఇప్పుడు అడుగున రెడ్ ఆక్సైడ్, పైన పెయింట్, అంతే, అందం లేదు గానీ ఎక్కడ ఏం జరుగుతోందో తెలుస్తుంది.

రేడియేటర్ సంగతి కూడా ఇలాంటిదే. ఈ ఇంజనుకి బ్లాకు పోత ఇనుము, హెడ్డు అల్యూమినియం. రెండు వేరే వేరే లోహాలు పక్కపక్కన పెట్టి మధ్యలో ఉప్పునీళ్ళు పోస్తే బ్యాటరీ తయారైనట్టే, రెండింట్లో బలహీనమైన అల్యూమినియం కరగడం మొదలవుతుంది. నాన్నగారు ఇది ఓడ బొమ్మ గీసి చెప్పారు నాకు, ఓడ అడుగున జింకు దిమ్మలు బిగిస్తార్రా, సముద్రం ఆ జింకుని తింటా ఉంటే ఉక్కు బతుకుతాది అని. కారులో జింకు దిమ్మ పెట్టే చోటు లేదు కాబట్టి డిస్టిల్డ్ వాటరూ కూలెంటూ తప్ప ఇంకోటి పొయ్యను. దారిలో నీళ్ళు తగ్గాయని టీ కొట్టు దగ్గర బకెట్‌లోవి పోయించుకునే వాళ్ళని చూస్తే ఆపి చెప్పాలనిపిస్తుంది.

ఇంజను పని నాకు నేర్పింది కంచరపాలెంలో మెకానిక్ బాబాయ్. నాన్నగారికి రేకు తెలుసు, బాబాయికి నిప్పు తెలుసు. ఒకప్పుడు టాక్సీ స్టాండులో బళ్ళు చేసిన చెయ్యి, ఇప్పుడు డెబ్భై దాటింది, షెడ్డు కొడుక్కి ఇచ్చేశాడు, కొడుకు కంప్యూటర్ తగిలించి చూసే కార్లు చేస్తాడు. నా ఫియట్ వెళ్తే మాత్రం బాబాయే లేచి వస్తాడు. మొదటిసారి పాయింట్లు సెట్ చేయడం చూపించింది ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టు ఉంది. ప్లగ్గులకి నిప్పు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత రెండు క్లిప్పులూ టప్ టప్ మని ఊడదీసి పక్కకి వాల్చాడు, వైర్లు పీకలేదు, పీకితే మళ్ళీ సిలిండర్లు వెలిగే 1-3-4-2 వరస చూసి పెట్టుకోవాలి. రోటర్ తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. లోపల పాయింట్ల మొహాలు రెండూ, ఒకదాని మీద చిన్న గుంట, ఇంకోదాని మీద దానికి సరిపడా చిన్న బొడిపె. "చూసేవా, ఇక్కడిది ఎల్లి అక్కడ కూకుంది" అన్నాడు. సన్న ఎమరీ ముక్కని రెండుగా మడిచి మధ్యలో పెట్టి నాలుగుసార్లు లాగాడు, ఉఫ్ మని ఊదాడు. నన్ను బండి నాలుగో గేర్లో వేసి మెల్లిగా ముందుకి తొయ్యమన్నాడు, పాయింట్లని తెరిచే క్యామ్ ముక్కు ఎత్తులోకి వచ్చేదాకా. ఆగన్నాడు. అర మిల్లీమీటర్ కన్నా కాస్త తక్కువ సందు ఉండాలి. ఆయన దగ్గర సందు కొలిచే ఫీలర్ గేజ్ ఉంది, అయినా ముందు పాత పెళ్ళికార్డు అంచు పెట్టి సెట్ చేసి, తర్వాత గేజ్ పెట్టి నాకు చూపించాడు. సరిగ్గా సరిపోయింది. "చేతికి తెలాలి బాబూ, గేజు నువ్వు నమ్మడానికి" అన్నాడు. స్క్రూ బిగించేటప్పుడు సందు మళ్ళీ కొంచెం జరుగుతుంది, దాన్ని ముందే లెక్కేసుకుని వదలాలి, అది మాత్రం నాకు రావడానికి రెండేళ్ళు పట్టింది.

ఇప్పుడు పాయింట్లు, ప్లగ్గులు, కార్బొరేటర్ కడగడం, బ్రేక్ ఎడ్జస్ట్‌మెంట్, గ్రీజు కొట్టడం అన్నీ నేనే చేసుకుంటాను. అయినా నెలకోసారి కంచరపాలెం వెళ్తాను, బండిలో ఏమీ లేకపోయినా వెళ్తాను, బాబాయ్ బోనెట్ ఎత్తి ఒక నిమిషం ఊరికే వింటాడు, టీ తాగుతాం, ఏదో ఒకటి చెప్తాడు, ఇంటికి రాగానే నోట్‌బుక్‌లో రాసుకుంటాను. ఈ విద్య పుస్తకాల్లో సగమే ఉంది. ఆయన తర్వాత ఎవరు అనేది ఆలోచిస్తే నాకు నిజంగా భయమేస్తుంది.

పెట్రోల్ గురించి కూడా చెప్పాలి ఎందుకంటే ఈ మధ్య అందరూ అడుగుతున్నారు. ఇప్పుడు ఎక్కడ కొట్టించినా దాదాపు 20 శాతం ఇథనాల్ కలిసినదే వస్తోంది. 1984 నాటి రబ్బరు పైపులకీ, పంపులో పల్చటి రబ్బరు పొర డయాఫ్రంకీ అది పడదు, ఉబ్బుతాయి, కొన్నాళ్ళకి పెళుసుబారి చీలతాయి. నేను ఒకరోజు బోనెట్ ఎత్తితే పెట్రోల్ వాసన గుప్పుమంది, పైపు చివర చెమట పట్టినట్టు తడి, కింద వేడి ఇంజను, ఒళ్ళు జలదరించింది. వెంటనే పైపులన్నీ ఇథనాల్ తట్టుకునే వైటన్ రకానికి మార్చేశాను, డయాఫ్రం కూడా. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి మిశ్రమం పలచబడి బండి వేడెక్కి లాగదు, బాబాయ్ కార్బొరేటర్లో పెట్రోల్ వదిలే మెయిన్ జెట్ ఒక సైజు పెద్దది వేశాక సర్దుకుంది. ఇంకోటి, ఇథనాల్ నీటిని లాక్కుంటుంది, మన తేమకి ఇది మరీ ఎక్కువ, బండి నెలల తరబడి కదలకుండా ఉంటే నీళ్ళూ ఇథనాలూ కలిసి ట్యాంకు అడుగుకి దిగి రేకుని తినేస్తాయి. వాడని రోజుల్లో ట్యాంకు నిండుగా ఉంచండి, లోపల గాలికి చోటు తక్కువుంటే తేమ తక్కువ. అన్నిటికన్నా మంచిది వాడడం.

ఎండాకాలం సింహాచలం కొండ ఎక్కుతుంటే ఒకసారి సగం దారిలో ఆగిపోయింది. మే నెల, పదకొండు గంటలు, వెనక అమ్మ, మా ఆవిడ, పిల్లలు. పెట్రోల్ పంపు ఇంజనుకే బిగించి ఉంటుంది కదా, ఆ వేడికి పైపులోనే పెట్రోల్ ఆవిరై బుడగ పట్టేస్తుంది, పంపు ఎంత కొట్టినా బుడగే నలుగుతుంది గానీ పెట్రోల్ పైకి రాదు. సెల్ఫ్ కొట్టి కొట్టి బ్యాటరీ దించుకోకుండా తువ్వాలు తడిపి పంపు మీద చుట్టి, బోనెట్ ఎత్తి పెట్టి, ఇరవై నిమిషాలు కొండమావిడి చెట్టు నీడలో కూర్చున్నాం. అమ్మ అప్పన్నకి దణ్ణం పెట్టుకుని పులిహోర పొట్లం విప్పింది. తర్వాత ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది. అప్పట్నుంచీ డిక్కీలో ఒక తువ్వాలూ రెండు లీటర్ల నీళ్ళూ ఎప్పుడూ ఉంటాయి. దిగేటప్పుడు ఏ గేర్లో ఎక్కామో ఆ గేర్లోనే దిగాలి, డ్రమ్ బ్రేకులు కదా, తొక్కిపట్టి దిగితే వేడెక్కి పట్టు వదిలేస్తాయి. అనంతగిరి మీదుగా అరకు రెండుసార్లు వెళ్ళొచ్చాం ఇలాగే, ఒక్క తేడా రాలేదు.

2014 అక్టోబర్ 12, హుద్‌హుద్ తుపాను. ఆ రోజు గురించి వైజాగ్ వాళ్ళకి నేను కొత్తగా చెప్పేదేముంది. మా షెడ్డు రేకులు పై నుంచి లేచి ఎటుపోయాయో ఇప్పటికీ తెలీదు, వేప కొమ్మ విరిగి టాపు మీద పడింది, వెనక అద్దం పోయింది, రాత్రంతా సముద్రపు నీళ్ళ జల్లు బండి లోపలికి కొట్టింది. తెల్లారి కరెంటు లేదు, నీళ్ళు లేవు, పాలు లేవు. నాన్నగారు అంత కరువులోనూ నూతిలో మంచినీళ్ళు ఉన్న వాళ్ళింటికి నడిచి వెళ్ళి రెండు బకెట్లు మోసుకొచ్చి బండి లోపల ఉప్పు కడిగారు. అప్పుడు ఆయనకి డెబ్భై ఒకటి. నేను కోప్పడ్డాను, మనుషులకే నీళ్ళు లేకపోతే అని. ఆయన మాట్లాడలేదు. ఆ రోజు కడక్కపోయి ఉంటే ఇవాళ ఈ బండి లేదు, అది నాకు తర్వాత ఫ్లోర్ విప్పినప్పుడు అర్థమైంది.

కాగితాల విషయం త్వరగా చెప్పేస్తా. పదిహేనేళ్ళు దాటిన పెట్రోల్ కారుకి ఐదేళ్ళకోసారి ఆర్సీ రెన్యువల్. 2022 ఏప్రిల్‌లో ఆ ఫీజు 600 నుంచి 5,000 అయింది, 2024లో నేను అంతే కట్టాను. 2025లో ఇరవై ఏళ్ళు దాటిన కార్లకి 10,000 చేశారు, అంటే 2029లో నాకు అది. యాభై ఏళ్ళు నిండిన బళ్ళకి 2021 నుంచి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది, నంబర్లో వీఏ అని వస్తుంది, మాది 2034కి ఆ వయసుకి వస్తుంది. ఫ్రెండ్స్ అందరూ తీస్కో బాగుంటుందంటున్నారు. నాకొద్దు. ఆ నంబరు తీసుకుంటే ఎగ్జిబిషన్‌కో ర్యాలీకో, పెట్రోల్‌కో, రిపేరుకో తప్ప మామూలుగా రోడ్డు మీద తిప్పకూడదు. తిప్పకపోతే ఈ బండికి ఏమవుతుందో నేను చూశాను. కోవిడ్ అప్పుడు నాలుగు నెలలు షెడ్డులో కవర్ కప్పి ఉంచితే బ్రేక్ షూలు డ్రమ్ములకి పట్టేశాయి, వీల్ సిలిండర్లు జామ్ అయ్యాయి, కార్బొరేటర్లో జెట్ మూసుకుపోయింది, కవర్ కింద తేమకి టాపు మీద పెయింట్ పొక్కింది. రోజూ తిరిగినన్నాళ్ళూ రాని రోగాలన్నీ పడుకున్న నాలుగు నెలల్లో వచ్చాయి. బాబాయ్ చూసి "బండిని అలా పడుకోబెట్టీసేవేటి బాబూ, దానికేమైనా జొరమా" అన్నాడు, నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అందుకే వానైనా ఎండైనా వారానికి రెండుసార్లు, కనీసం పాతిక కిలోమీటర్లు, ఇంజను పూర్తిగా వేడెక్కి సైలెన్సర్లో నీళ్ళు ఆవిరయ్యేదాకా తిప్పుతాను. పిల్లాణ్ణి ట్యూషన్‌కి దింపడం, పూర్ణామార్కెట్‌కి కూరగాయలకి, అన్నీ దాంట్లోనే.

ఇంతకీ మొన్నటి ఆదివారం. పెచ్చు రాల్చాను, రూపాయి బిళ్ళంత చోట సన్నబడింది గానీ కన్నం పడలేదు. నాన్నగారు కుర్చీ దగ్గరకి జరిపించుకుని, కర్రతో చూపిస్తూ ఇంకొంచెం ఎడమకి గీకు, అక్కడా ఉంటాది అన్నారు, ఉంది. మధ్యాహ్నం మూడుకి రెడ్ ఆక్సైడ్ మొదటి చెయ్యి అయింది. ఆరుతుండగా పదేళ్ళ మావాడు వచ్చి స్క్రూడ్రైవర్ తీసుకుని తనకి తోచినట్టు ఫ్లోర్ అంతా కొట్టుకుంటూ పోయాడు, ఒకచోట ఆగి మళ్ళీ కొట్టి, "తాతయ్యా, ఇక్కడ వేరేగా వస్తోంది" అన్నాడు. నాన్నగారు పేపర్ పక్కన పెట్టారు. "మళ్ళీ కొట్టు" అన్నారు.

వెనక చక్రం గూటి పక్కన, నేను చూసుకోలేదు. ఈ ఆదివారం అక్కడ విప్పాలి. పని తొందరగా అయిపోతే సాయంత్రం ముగ్గురం భీమిలి దాకా వెళ్ళొస్తాం, వచ్చాక కింద కడిగే డ్యూటీ వాడిదే అని ఇప్పటికే చెప్పేశాడు.